పాత కారుకు కొత్త డ్యాష్‌బోర్డు: ఊడదీసిన పలక ఎవరి సొత్తు?

ప్రశ్న: మాది చెన్నై అన్నానగర్. మా నాన్నగారు 1968లో కొన్న స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఇప్పటికీ నడుస్తోంది. డ్యాష్‌బోర్డుకు టేకు వెనీరు (పలుచని చెక్క పొర) తాపడం, పైభాగాన తోలు కుట్టుపని చేయించడానికి నవంబరులో ఒక వర్క్‌షాపువారితో రూ.1,85,000కు మాట్లాడుకుని రూ.1,20,000 చెల్లించాను. మిగిలింది రెండు మూడు నెలల్లో ఇవ్వమని చెప్పి జనవరిలో కారు ఇచ్చేశారు. ఏప్రిల్ ఎండలకే వెనీరు అంచులు లేచాయి. తోలు అన్నది రెక్సిన్ అని తేలింది. సరిచేస్తామంటే మే నెలలో కారు మళ్లీ అప్పగించాను. ఇప్పుడు మిగిలిన రూ.65,000 ఇస్తేగాని కారు ఇవ్వమని, స్థలం అద్దె కింద రోజుకు రూ.300 అవుతుందని అంటున్నారు. ఊడదీసిన పాత డ్యాష్‌బోర్డు పలక ఏదంటే పారేశామంటున్నారు. దాని వెనుక ఏ తీగ ఏ స్విచ్చికి పోతుందో నాన్నగారు పెన్సిలుతో తెలుగులో రాసుకున్నారు. నా దగ్గర బిల్లు లేదు, వాట్సాప్ సందేశాలు, యూపీఐ చెల్లింపుల వివరాలు మాత్రం ఉన్నాయి. నేనేం చేయాలి? డ్యాష్‌బోర్డు మార్చినందుకు ఆర్టీఓ అభ్యంతరం చెబుతారా? వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు ఇది అడ్డవుతుందా?

సమాధానం: ఆర్టీఓ గురించిన భయాన్ని ముందుగా తీర్చుతాను, ఎందుకంటే అది మీ చిక్కుల్లో అతి చిన్నది. వాహనంలో మార్పులను నియంత్రించేది 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్. వాహన నిర్మాణంలో మార్పు జరిగి, దానివల్ల దాని మౌలిక లక్షణం మారితేనే దాన్ని మార్పుగా పరిగణించాలని ఆ సెక్షన్‌కింది వివరణే చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని గట్టిగా చెప్పిన మాట నిజమే గాని, డ్యాష్‌బోర్డు మీది తాపడం రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదయ్యే వివరం కాదు. ఇంజన్, ఛాసిస్, సీట్ల సంఖ్య, రంగు, ఇంధనం వంటివాటి జోలికి పోనంతవరకు మీకు దిగులు అక్కరలేదు. అయితే స్పీడోమీటరు పనిచేస్తూ ఉండాలి, కాబట్టి కారు చేతికి రాగానే దాన్ని పరీక్షించుకోండి. తీగలు మార్చి కొత్త మీటర్లనో స్టీరియోనో బిగించి ఉంటే ఆ సంగతి బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇక కారును పట్టి ఉంచడం గురించి. తన చేతిపని పడిన వస్తువును, కూలి ముట్టేవరకు తన దగ్గర ఉంచుకునే హక్కు పనివాడికి ఉన్నదని 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోని 170వ సెక్షన్ చెబుతుంది. వర్క్‌షాపువారు ఆధారపడేది ఈ సెక్షన్ మీదనే. కాని ఆ సెక్షన్ కిందనే చట్టం ఒక ఉదాహరణ ఇచ్చింది. కోటు కుట్టమని దర్జీకి గుడ్డ ఇచ్చినప్పుడు, కుట్టడం పూర్తికాగానే కోటు ఇచ్చేస్తానని, డబ్బుకు మూడు నెలల గడువు ఇస్తానని దర్జీ ఒప్పుకుంటే, ఆ తర్వాత డబ్బు కోసం కోటును ఆపే హక్కు అతనికి ఉండదు. మీ జనవరి సంగతి దాదాపు ఇదే. బాకీకి గడువు ఇచ్చి కారును మీ చేతికి అప్పగించిన రోజుననే వారి హక్కు తీరిపోయింది. తమ పనిలోని లోపాన్ని సరిచేయడానికి మేలో తిరిగి తీసుకున్న కారు మీద, పాత బాకీ పేరు చెప్పి ఆ హక్కును మళ్లీ నిలబెట్టుకోవడం కష్టం. ఒకవేళ హక్కు ఉన్నదనుకున్నా అది వస్తువును ఉంచుకునే హక్కేగాని, ఉంచుకున్నందుకు అద్దె వసూలు చేసే హక్కు కాదు, అమ్ముకునే హక్కు అంతకన్నా కాదు. మీరు ముందుగా ఒప్పుకుని ఉంటే తప్ప రోజుకు రూ.300 అన్న లెక్కకు ఆధారం లేదు. "రెండు మూడు నెలల్లో ఇవ్వండి" అన్న మాట వాట్సాప్‌లో ఉందేమో వెతకండి. ఉంటే మీ దగ్గరున్న కాగితాలన్నిటిలోకి విలువైనది అదే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో పాత పలక మాట చివరకు వచ్చింది, మీరు వర్క్‌షాపుకు పంపబోయే నోటీసులో మాత్రం అది ముందుకు రావాలి. మీరు డబ్బు ఇచ్చింది కొత్త తాపడానికి. పాత పలకను వారికి అమ్మలేదు, వదులుకోనూ లేదు. కారుతో పాటు అప్పగించిన ప్రతి వస్తువునూ ఒక మామూలు వివేకవంతుడు తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలని ఒప్పందాల చట్టం 151వ సెక్షన్, పని ముగియగానే అడగకుండానే తిరిగి ఇవ్వాలని 160వ సెక్షన్ చెబుతున్నాయి. ఇవ్వవలసినప్పుడు ఇవ్వక పోగొడితే ఆ నష్టం వారిదేనని 161వ సెక్షన్ అంటుంది. "పాత సామాను మాకు వదిలేయడం ఆనవాయితీ" అని వారు అనవచ్చు. ఆయిల్ ఫిల్టరు విషయంలో ఆ మాట చెల్లుతుందేమో గాని, యాభై ఏళ్లు దాటిన కారు నుంచి ఊడదీసిన అసలు పలకకు చెల్లదు. హెరాల్డ్ తయారుచేసిన మద్రాసు కంపెనీ మూతపడి దశాబ్దాలైంది కాబట్టి, అటువంటి పలక కొత్తది దొరికే అవకాశమే లేదు.

మీ నాన్నగారి పెన్సిలు రాత మీకు జ్ఞాపకం, చట్టం దృష్టిలో అది గుర్తింపు చిహ్నం కూడా. ఆ పలక ఇంకా వారి షెడ్డులోనో, పుదుపేటలో ఏ పాత సామాన్ల కొట్టులోనో ఉంటే అది మీదేనని ఆ రాతే చెబుతుంది. డబ్బుతో పూడ్చలేని వస్తువును, ఆ వస్తువుగానే తిరిగి ఇప్పించమని కోరేందుకు 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలోని 7, 8 సెక్షన్లు సివిల్ కోర్టులో వీలు కల్పిస్తాయి. పలక వెనుకవైపు ఫోటో మీ దగ్గర ఉండకపోవచ్చు, కాని పాత పెళ్లి ఆల్బముల్లో కారు లోపలి భాగం కనబడే ఫోటోలు, ఆ రాతను చూసిన మెకానిక్ లేదా బంధువుల వాంగ్మూలం పనికివస్తాయి. పలకను అమ్ముకున్నారని తేలితే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నమ్మకద్రోహం ఫిర్యాదుకు ఆస్కారం ఉంది. అయినా మొదటి అడుగుగా పోలీసు స్టేషనుకు వెళ్లమని నేను చెప్పను, ఎందుకంటే సివిల్ తగాదా అని తిప్పి పంపితే ఆ తర్వాత మీ నోటీసుకు బరువు తగ్గుతుంది.

పని నాణ్యత గురించి వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మీరు నివసించే చోటే ఫిర్యాదు వేసుకోవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. తోలు అని చెప్పి రెక్సిన్ వేయడం, బిల్లు ఇవ్వకపోవడం రెండూ ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులు. బిల్లు లేదన్నది వారి తప్పేగాని మీ కేసుకు లోపం కాదు. వాట్సాప్ సందేశాలను దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం జతచేయాలి. అందుకని ఫోను మార్చవద్దు, సందేశాలు చెరపవద్దు.

ఒక హెచ్చరిక. కారు చేతికి రాగానే మరో పనివాడి చేత ఆ తాపడాన్ని ఊడదీయించకండి. అదే మీ సాక్ష్యం. లేచిన అంచులను స్కేలు పక్కన పెట్టి ఫోటోలు తీయించండి. గ్లోవ్ బాక్సు కింద కుట్టు విడిన చోటు ఉంటే అక్కడ చూడండి, తోలుకు వెనుకవైపు నార కనిపిస్తుంది, రెక్సిన్‌కు నేసిన గుడ్డ కనిపిస్తుంది. అవసరమైతే నమూనాను ప్రయోగశాలకు పంపమని కమిషన్‌నే కోరవచ్చు.

వింటేజ్ రిజిస్ట్రేషన్ సంగతి. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నియమాలలో చేర్చిన 81ఎ మొదలైన నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు జరగని కార్లు అందుకు అర్హమైనవి. డ్యాష్‌బోర్డు తాపడం ఒక్కటే మీ కారును అనర్హం చేయదని నా అభిప్రాయం, అయినా పరిశీలించే కమిటీ ముందు అసలు పలక చేతిలో ఉండటం మీకు మేలు. కాకపోతే ఆ రిజిస్ట్రేషన్‌తో కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, ఇంధనం, మరమ్మతుల కోసం తప్ప రోజువారీగా నడపకూడదు. ఆదివారాల్లో కుటుంబంతో మైలాపూరు గుడికి వెళ్లే కారు అయితే, ఇప్పుడున్న రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించుకుంటూ పోవడమే మంచిది.

వెంటనే చేయవలసింది, స్పీడ్ పోస్టులో నోటీసు. పదిహేను రోజుల్లో కారును, పాత పలకను, అది విరిగి ఉంటే దాని ముక్కలను అప్పగించాలని, లోపాలు సరిచేసే వరకు బాకీ చెల్లించనని అందులో రాయించండి. కారు అత్యవసరమైతే "అభ్యంతరంతో, నా హక్కులకు భంగం లేకుండా" అని రాసి బ్యాంకు ద్వారా రూ.65,000 చెల్లించి కారు తెచ్చుకోవచ్చు, ఆ మొత్తాన్ని కమిషన్‌లో తిరిగి కోరవచ్చు. అలా చెల్లించడం ఇష్టం లేకపోతే, ఫిర్యాదుతో పాటే కారు అప్పగింతకు వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు కోరండి. ఫిర్యాదుకు కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది. వెనీరు లేచిన ఏప్రిల్ నుంచే దాన్ని లెక్కపెట్టుకోండి.