మన్రో కాలపు రైతు ‘రాయలసీమ’ అంటాడా?

సందేహం: థామస్ మన్రో ఈ ప్రాంతానికి ఈస్టిండియా కంపెనీ తరఫున కలెక్టరుగా ఉన్న రోజుల (1800–1807) మీద ఒక కథ రాస్తున్నాను. అందులో ఒక రైతు “మన రాయలసీమను నిజాం కంపెనీకి ఇచ్చేశాడంట” అంటాడు. ఆ పేరు అప్పటికి లేదని మిత్రుడు అభ్యంతరం చెప్పాడు. ‘దత్తమండలం’ అని మారిస్తే రైతు నోట పంతులుగారి మాటలా ఉంది. ఏం చేయాలి?

సమాధానం: మీ మిత్రుడు సరిగ్గానే పట్టుకున్నారు. మొత్తం ప్రాంతానికి ‘రాయలసీమ’ అన్న పేరు నిలబడింది 1928 తర్వాతే. ఆ ఏడు నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావు గారు దాన్ని ప్రతిపాదించారు. అంతకుముందు వాడుకలో ఉన్న ‘దత్తమండలం’ ఇంగ్లీషు వాళ్ల ‘సీడెడ్’కు చేసిన సంస్కృతం. ఒకరు ఇంకొకరికి ఇచ్చేసిన నేల అనిపించుకోవడం అక్కడివాళ్లకు రుచించలేదు. సినిమా పంపిణీదారులు మాత్రం ఇప్పటికీ సీడెడ్ అనే అంటారు!

పైగా ఆ రెండు పేర్లూ చుట్టే నేల ఒకటి కాదు. 1800లో నిజాం కంపెనీకి ఇచ్చిన దాంట్లో బళ్లారి ఉంది, నేటి రాయలసీమలో లేదు. చిత్తూరు జిల్లాలో చాలా భాగం ఆర్కాటు నవాబు నుంచి వచ్చింది. కర్నూలు 1839 దాకా అక్కడి సొంత నవాబు ఏలుబడిలోనే ఉంది. కాబట్టి కథకుడిగా మీరు చెప్పే చోట కూడా ‘నేటి రాయలసీమలో చాలా భాగం’ అంటే మేలు.

ఇక రైతు సంగతి. ఆయన ఏ ఊరివాడో మీరు రాయలేదు, అసలు కిటుకు అక్కడే ఉంది. ఆ కాలపు మనిషి తన నేలను కోట పేరుతోనో ‘నాడు’ (ప్రాంతం) పేరుతోనో చెప్పుకుంటాడు. క్రీ.శ. 575 ప్రాంతపు కడప జిల్లా కలమళ్ల శాసనంలోనే ‘రేనాండు ఏళన్’ అని ఉంది, అంటే రేనాడును ఏలుతుండగా అని. విజయనగర కాలంలో ‘గండికోట సీమ’ వంటి పేర్లు వచ్చాయి. ‘సీమ’కు ఎల్ల అనే కాదు, ఏలుబడిలోని ప్రాంతం అనే అర్థమూ ఉంది. కనుక కడప వైపు రైతైతే “మన గండికోట సీమ” అనిపించండి, ఢోకా లేదు.

ఊరి పేరు కల్పించాలన్నా ఇదే దారి. వానలు తక్కువైన ఈ నేల మీద జనం నిలవాలంటే ముందు చెరువు కావాలి. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం చెరువు పనికి వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టాయని చెబుతుంది. అందుకే ఊరి పేర్లలోనూ చెరువు కనిపిస్తుంది, బుక్కరాయసముద్రంలోని సముద్రం చెరువే. సైన్యం విడిసిన చోట్లు పాళెంలయ్యాయి, పాళెగాడు (సొంత సైన్యమున్న స్థానిక దొర) అన్న మాట అందులోంచి వచ్చిందే. మన్రో వచ్చేనాటికి అలాంటి వాళ్లు సుమారు 80 మంది.

ఇంకొక్కటి. టిప్పు మీద 1792, 1799 యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన నేలనే నిజాం కంపెనీ సైన్యం ఖర్చు కింద వదులుకున్నాడు. ఆ రైతుకు నిజాం ఏలుబడి కూడా నిన్నమొన్నటిదే. వాక్యంలో ‘మన నిజాం’ అన్న ధోరణి రాకుండా చూసుకోండి.