కొడుకు ఆటకు కూతురి చదువు తాకట్టా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో గుమాస్తాగా చేస్తాను. ఊళ్ళో రెండెకరాల పొలం ఉంది. మా అబ్బాయికి 14 ఏళ్ళు, నవంబరులో పుట్టాడు. ఫుట్‌బాల్ బాగా ఆడుతున్నాడని బడిలో పీఈటీ సారు చెబితే హైదరాబాద్‌లో ఒక క్లబ్బు అకాడమీలో చేర్పించాం. వనస్థలిపురంలో మా బావమరిది ఇంట్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. అండర్-13లో జట్టుకు వాడే కెప్టెన్. అండర్-15కి వచ్చాక మాత్రం బెంచీ మీదే కూర్చోబెడుతున్నారు. కోచ్‌ని అడిగితే ‘బంతి కాలికి రాగానే కంగారుపడి పక్కవాడికి ఇచ్చేస్తున్నాడు’ అంటున్నాడు. పైగా వీడు మోకాలు నొప్పి అని సాకులు చెబుతున్నాడు. ఒక ఏజెంటు స్పెయిన్‌లో క్లబ్బు ట్రయల్స్ ఇప్పిస్తానంటే యాభై వేలు అడ్వాన్స్ ఇచ్చాను. మొత్తం ఆరు లక్షలు అవుతుందట. పొలం అమ్మి పంపాలా, లేక ఇక్కడే వేరే క్లబ్బుకు మార్చాలా? వాడి కోసం ఇంట్లో అందరం త్యాగం చేశాం. పెద్దమ్మాయికి ఇంటర్‌లో 962 మార్కులొచ్చాయి. ఎంసెట్ రాసి హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ సీటు తెచ్చుకున్నా, ఇద్దరి ఖర్చూ మోయలేక ఇక్కడే డిగ్రీలో చేర్పించాం. తను అర్థం చేసుకుంది. ప్రతి మ్యాచ్ ముందు వాడికి ఫోన్ చేసి ‘మీ అక్క సదువు నీ కోసమే ఆపినం, యాది పెట్టుకొని ఆడు’ అని చెబుతూనే ఉన్నా. అయినా వాడిలో కసి రావడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు మీరడిగిన వాటి సంగతి చూద్దాం. పొలం అమ్మకండి. స్పెయిన్ పంపకండి. క్లబ్బు కూడా ఇప్పుడే మార్చకండి.

స్పెయిన్ గురించి ఎక్కువ ఆలోచించాల్సిన పనే లేదు. ఆటగాళ్ళ బదిలీల మీద ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా పెట్టిన నియమాల్లో 19వది, 18 ఏళ్ళు నిండని పిల్లల్ని వేరే దేశపు క్లబ్బులు చేర్చుకోకూడదని చెబుతుంది. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని పని మీద ఆ దేశం వెళ్ళి స్థిరపడటం, దేశ సరిహద్దు పక్కనే ఇల్లుండటం లాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి. మీ అబ్బాయికి వాటిలో ఏదీ వర్తించదు. ఈ నియమాన్ని మీరినందుకే 2014లో బార్సిలోనా అంతటి క్లబ్బును రెండు ట్రాన్స్‌ఫర్ విండోల (ఆటగాళ్ళు క్లబ్బులు మారే గడువుల) పాటు కొత్త ఆటగాళ్ళను తీసుకోవద్దని ఫిఫా శిక్షించింది. అంటే మీవాడు అక్కడికి వెళ్ళి ఎంత అద్భుతంగా ఆడినా ఏ క్లబ్బూ వాణ్ణి తీసుకోవడానికి వీల్లేదు. ఆ ఆరు లక్షలకు మీకు దక్కేది విమానం టికెట్టు, వీసా, రెండు మూడు ప్రాక్టీసు మ్యాచులు, స్టేడియం ముందు ఒక ఫోటో. ఆ ఏజెంటుకు ఈ నియమం తెలియకపోతే ఈ పనికి పనికిరాడు. తెలిసే డబ్బు తీసుకుని ఉంటే మోసగాడు.

ఇక క్లబ్బు. మన యూత్ లీగుల్లో వయసు జనవరి 1 లెక్కన చూస్తారు. అదే ఏడు జనవరిలో పుట్టిన పిల్లవాడూ, నవంబరులో పుట్టిన మీవాడూ లెక్కలో ఒకే వయసు వాళ్ళు. 14 ఏళ్ళప్పుడు పది నెలల తేడా అంటే చిన్నది కాదు. అవతలివాడికి మీసం వస్తుంటుంది, భుజాలు విచ్చుకుని ఉంటాయి. మీవాడు ఇంకా సాగుతున్నాడు. అండర్-13లో మెరిసినవాళ్ళు అండర్-15లో వెనకబడటం, 17 వచ్చేసరికి మళ్ళీ అందుకోవడం కోచ్‌లందరికీ తెలిసిన సంగతే. వేరే క్లబ్బుకు పోయినా ఈ వయసు తేడా వాడి వెంటే వస్తుంది. మీరు అడగలేదు కానీ, రేపో మాపో ఎవరో ఒకరు సర్టిఫికెట్‌లో రెండేళ్ళు తగ్గిద్దామని కూడా చెబుతారు. వినకండి. వయసు తేల్చడానికి మణికట్టు ఎక్స్‌రే తీసే టీడబ్ల్యూ3 పరీక్ష ఉంది. అందులో పట్టుబడితే పరువూ ఆటా రెండూ పోతాయి.

మోకాలు నొప్పిని సాకు అన్నారు. ఆదివారం వెళ్ళినప్పుడు వాణ్ణి కూర్చోబెట్టి, మోకాలి చిప్పకు కాస్త కింద, కాలి ముందు ఎముక మొదలయ్యే చోట మీ బొటనవేలితో మెల్లగా నొక్కి చూడండి. అక్కడ చిన్న బుడిపెలా లేచి, నొక్కగానే వాడు కాలు లాక్కుంటే అది సాకు కాదు. ఆ నొప్పి మెట్లెక్కినప్పుడు, గొంతుక్కూర్చున్నప్పుడు, దూకినప్పుడు ఎక్కువవుతుంది. వేగంగా పొడవు పెరిగే వయసులో, బాగా పరిగెత్తి ఆడే పిల్లలకు వస్తుంది. డాక్టర్లు ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు. ఎదుగుదల ఆగాక చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. కానీ అంతవరకు పరుగెత్తడం, దూకడం ఎంత చేయాలో ఎముకల డాక్టరు చెప్పాలి, తొడ కండరాలకు స్ట్రెచింగ్ నేర్పాలి. అందుకని వాణ్ణి ఈ వారమే డాక్టరుకు చూపించండి. నొప్పిని భరించి ఆడమని ఇకపై అనకండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఇవేవీ కావు. మీ అబ్బాయి గురించి ఇంత రాసిన మీరు మీ అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి మార్కులు, సీటు, డిగ్రీ అని చెప్పి ‘తను అర్థం చేసుకుంది’ అంటూ ముగించేశారు. తను ఏమందో రాయలేదు. అసలు తనని అడిగారా? ‘ఏం చేద్దాం తల్లీ?’ అని అడిగి ఆమె జవాబు విన్నారా, లేక ‘పరిస్థితి ఇదీ’ అని చెబితే ఆ పిల్ల తలూపిందా? ఇంట్లో పెద్దకూతురు నాన్న ముఖం చూసి ‘ఏం కాదు నాన్నా’ అనడం మన ఇళ్ళల్లో కొత్త కాదు. దాన్ని ఒప్పుకోలు అనుకోవడం మనకు సుఖంగా ఉంటుంది, అంతే.

వెయ్యికి 962 తెచ్చుకుని, ఎంసెట్ రాసి, సీటు చేతికందాక వదులుకున్న పిల్ల రోజూ పొద్దున్నే డిగ్రీ కాలేజీకి వెళ్ళొస్తూ, మీరు ఫోన్‌లో తమ్ముడితో ‘మీ అక్క సదువు నీ కోసమే ఆపినం’ అంటుంటే పక్క గదిలో వింటోంది. ఆ మాట తనకెలా ఉంటుందో ఒక్కసారైనా అనుకున్నారా? తన చదువు మీ నోటి నుంచి ప్రతి మ్యాచ్ ముందూ ఒక బాకీలా వినబడుతోంది.

అవతలి వైపు మీ అబ్బాయి. గ్రౌండ్ పక్కన షిన్ గార్డులు కట్టుకుంటుంటే మామ ఫోన్ తెచ్చి ఇస్తాడు, మీ మాట వింటాడు, ఆ మాటతోనే లోపలికి పోతాడు. కోచ్ చెప్పింది మీరు సరిగా వినలేదు. బంతి కాలికి రాగానే కంగారుపడి వదిలేస్తున్నాడు అన్నాడాయన. ఎదురుగా ఉన్నవాణ్ణి దాటబోతే బంతి పోతుంది, చాలాసార్లు పోతుంది. పోయినా మళ్ళీ ప్రయత్నించేవాడికే ఆట వస్తుంది. మీవాడికి బంతి పోతే బంతి మాత్రమే పోదు, అక్క సీటు వృథా అయినట్టు. అలాంటి టెన్షన్‌లో 14 ఏళ్ళ పిల్లవాడు చేయగలిగింది ఒకటే, బంతి తన దగ్గర లేకుండా చూసుకోవడం. వాడిలో కసి లేదని మీరనుకుంటున్నారు. నాకు కనిపిస్తున్నది భయం. ఆ భయాన్ని ప్రతి వారం ఫోన్ చేసి మరీ పెంచుతున్నది మీరే. నొప్పిగా ఉందని చెప్పడానికి వాడికి ఎంత ధైర్యం కావాలో ఇప్పుడు ఆలోచించండి. అప్పుడు కూడా సాకు అన్నారు.

ఆ కోచ్ ఎవరో నాకు తెలియదు కానీ, పిల్లవాడి కాళ్ళు కాకుండా కళ్ళు చూసి చెప్పాడు. ఆయన్ని వదులుకోకండి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టును నాలుగో స్థానానికి, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేర్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాద్ వాడే, మొదట బడిపంతులు. పిల్లల మనసు తెలిసినవాడి చేతిలోనే ఆట నిలబడుతుందని నేను నమ్ముతాను.

మగపిల్లవాడు పైకొస్తే ఇల్లంతా నిలబడుతుందన్నది మీ లెక్క. పైకి రాయలేదు కానీ అక్షరాల వెనక అదే ఉంది. ఆ లెక్క ఎంత గట్టిదో కూడా చూడండి. హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్బు 2022 మార్చిలో దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో చాంపియన్ అయింది. నాలుగేళ్ళు తిరక్కుండానే ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. 2025 జూలైలో ఐఎస్‌ఎల్ సీజనే ఆగిపోతే కొన్ని క్లబ్బులు ఆటగాళ్ళ జీతాలు నిలిపేశాయి. జాతీయ జట్టు స్థాయి వాళ్ళకే అలా ఉంది. మీవాడు ఆడొద్దని నేను అనడం లేదు. ఆడాలి, కుర్రాళ్ళ జాతీయ పోటీ ఎలైట్ యూత్ లీగ్ దాకా వెళ్ళాలి, అక్కడి నుంచి ఇంకా పైకి పోవాలి. కానీ రెండెకరాలూ, అక్క చదువూ, మొత్తం ఇల్లూ వాడి రెండు కాళ్ళ మీద పెట్టడం తండ్రి చేయాల్సిన పని కాదు. పదో తరగతి పోకుండా చూసుకోండి. వాడికది ఆట కంటే తక్కువ అవసరమేమీ కాదు.

యూరప్ అనే మాట మీ ఇంట్లో ఎలాగూ వచ్చింది కాబట్టి ఇది కూడా వినండి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ముందు ఇక్కడ మహిళల లీగ్‌లో గోకులం కేరళ క్లబ్బుకు ఆడింది. తర్వాత 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు వెళ్ళింది. అప్పటికి ఆమెకు ఇరవై దాటాయి. తెలంగాణ నుంచి ఆ దారిన వెళ్ళిన ఆ బిడ్డ ఒక ఇంటి ఆడపిల్ల.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ముందు అమ్మాయితో మాట్లాడండి, తమ్ముడు ఊళ్ళో లేనప్పుడు. సంజాయిషీ చెప్పుకోవద్దు, త్యాగం అనే మాట వద్దు. ‘నీకు ఇంజనీరింగే కావాలా, డిగ్రీ నచ్చిందా, నిజం చెప్పు’ అని అడిగి, ఆమె చెప్పేదాకా ఆగండి. మొదటి రోజు ‘ఏం కాదు’ అనే అంటుంది. రెండో రోజు మళ్ళీ అడగండి. మీ భార్య ఊసు ఉత్తరంలో ఎక్కడా లేదు, ఆమెను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. కూతురి మనసులో మాట ఆవిడకు ఇప్పటికే తెలిసి ఉండొచ్చు. ఇంజనీరింగే అంటే వచ్చే ఏడు మళ్ళీ ఎంసెట్ (ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నారు) రాయనివ్వండి. రీయింబర్స్‌మెంట్ పోను కట్టాల్సిన ఫీజు, హాస్టల్ ఖర్చు కాగితం మీద రాసి చూసుకోండి. స్పెయిన్‌కు ఆరు లక్షలు పుట్టించడానికి పొలం దాకా వెళ్ళిన మనిషికి కూతురి హాస్టల్ ఖర్చు అసాధ్యమని నేనైతే ఒప్పుకోను. బావమరిది ఇల్లు తమ్ముడికి చోటిచ్చినట్టే అక్కకూ ఇస్తుందేమో అడిగి చూడండి, మేనమామే కదా. డిగ్రీలోనే ఉంటానంటే సరే, కానీ అది ఆమె నిర్ణయం కావాలి.

తర్వాత అబ్బాయికి ఒక్క మాట చెప్పండి. అక్క సంగతి అమ్మా నాన్నా చూసుకుంటారు, దానికీ నీ ఆటకూ సంబంధం లేదు అని. మ్యాచ్ ముందు ఫోన్ చేయడం మానేయండి. మ్యాచ్ అయ్యాక చేసినా గోల్స్ అడగకండి, తిన్నావా, మోకాలు ఎలా ఉంది అని అడగండి. బెంచీ మీద ఉన్నాడా, మైదానంలో ఉన్నాడా అన్నది ఈ సీజన్ అంతా కోచ్‌కు వదిలేయండి.

ఏజెంటుకిచ్చిన యాభై వేలు వదిలేయకండి. రశీదు గానీ, ఫోన్‌పే వివరాలు గానీ, వాట్సాప్ మెసేజీలు గానీ ఉంటే జాగ్రత్త చేయండి. ఈ వారమే డబ్బు తిరిగివ్వమని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. నల్గొండలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, అక్కడ ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆ డబ్బు వస్తే అమ్మాయి పేరు మీద బ్యాంకులో వేయండి.