బ్యాటరీ పనిముట్లు కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పలాసలో గృహప్రవేశం అయ్యాక ఇంటి చిల్లర పనులన్నీ నీవే చేసుకోవాలనీ, అందుకు వైరు లేని డ్రిల్లు, గ్రైండరు, రంపం కలిపి ఇచ్చే పెద్ద సెట్టు ఒకటి చూసి ఉంచాననీ రాశావు. ఆ సెట్టు ఇప్పుడే తీసుకోవద్దు. పెట్టెలో ఎన్ని పనిముట్లున్నాయో లెక్కపెట్టే ముందు బ్యాటరీ సంగతి తేల్చుకో. ఒక కంపెనీ బ్యాటరీ సాధారణంగా మరొక కంపెనీ పనిముట్టుకు పట్టదు. బాష్‌లోనే నీలం రంగు పనిముట్లకూ ఆకుపచ్చ వాటికీ 18 వోల్టుల బ్యాటరీలు వేరు. నేడు ఏ బ్యాటరీ కొంటావో, రేపు కొనే ప్రతి పనిముట్టుకూ ఆ కంపెనీ గడపే తొక్కాలి.

కొన్ని పెట్టెల మీద 18 వోల్టులనీ, కొన్నిటి మీద 20 వోల్టులు మ్యాక్స్ అనీ ఉంటే 20 ఎక్కువని మోసపోకు. రెండింటిలోనూ 3.6 వోల్టుల సెల్లులు వరుసలో అయిదేసి ఉంటాయి. అప్పుడే ఛార్జి చేసినప్పుడు చూపే అంకెను ఒకరు వేసుకుంటారు, సగటు అంకెను మరొకరు వేస్తారు. చూడవలసింది బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే ఆంపియర్ అవర్లు. 18 వోల్టుల 2 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 36 వాట్ అవర్ల శక్తి, 4 అయితే 72 ఉంటుంది. ఇంటి పనికి 2 చాలు, కానీ రెండు బ్యాటరీలు తప్పనిసరి. "బేర్ టూల్" అని చవకగా ఇస్తే అందులో బ్యాటరీ, ఛార్జరు రెండూ ఉండవని గుర్తుంచుకో. అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు లేని బ్రష్‌లెస్ మోటారుకు కాస్త ఎక్కువ పెట్టవచ్చు.

ఇక నీ ఇంటి గోడల మాట. ఇటుక గోడలో పటానికో, గోడ అరకో 6 లేదా 8 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయడానికి కొడుతూ తిరిగే హ్యామర్ మోడ్ ఉన్న మామూలు కార్డ్‌లెస్ డ్రిల్లు సరిపోతుంది. బిట్టు కాంక్రీటు లింటెలుకో శ్లాబుకో తగిలిందంటే మాత్రం అంగుళం లోపలికి వెళ్లేసరికి పొడి రాలడం ఆగిపోతుంది, బిట్టు మొన నీలం తిరుగుతుంది, నీవేమో ఇంకా బలంగా నొక్కుతూ ఉంటావు. అక్కడ కావలసింది గాడులున్న ఎస్‌డీఎస్ బిట్టు పట్టే, సుత్తిలా గట్టిగా కొడుతూ తిరిగే రోటరీ హ్యామర్. ఏడాదికి నాలుగు రంధ్రాల కోసం దాన్ని కొనడం దండగ, అద్దెకు తెచ్చుకో. గ్రైండరు బ్యాటరీని ఇట్టే తాగేస్తుంది కనుక అది వైరుదే మేలు.

డ్రిల్లులో బిట్టును పట్టే చక్కు వెనకాల, ఎంత బలంతో బిగించాలో నిర్ణయించే అంకెల రింగును దుకాణంలోనే తిప్పి చూడు. అల్మరా తలుపు మడతబందుకు స్క్రూ బిగించేటప్పుడు చిన్న అంకె దగ్గర మొదలుపెట్టి, స్క్రూ పూర్తిగా దిగకముందే టకటకమని ఆగిపోతుంటే ఒక్కొక్క అంకె పెంచు. నేరుగా డ్రిల్లు గుర్తు మీద పెట్టి బిగిస్తే ప్లైవుడ్డులో పట్టు పోతుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మీ పలాస దగ్గరే తీరం దాటి, రోజుల తరబడి కరెంటు లేకుండా చేసింది కదా. అదే బ్యాటరీతో వెలిగే లైటు కూడా అమ్మే కంపెనీని ఎంచుకుంటే అలాంటప్పుడు అక్కరకు వస్తుంది. తుఫాను హెచ్చరిక వినగానే రెండు బ్యాటరీలూ నిండుగా ఛార్జి చేసుకో. మిగతా రోజుల్లో చాలాకాలం వాడకపోతే సగం ఛార్జితో, ఎండ తగలని చోట ఉంచు. పని చేసి వేడెక్కిన బ్యాటరీని చల్లారాకే ఛార్జరులో పెట్టు.

సర్వీసు సెంటరు శ్రీకాకుళంలో ఉందో, విశాఖ దాకా వెళ్లాలో కొనే ముందే అడుగు. బిల్లు మీద పనిముట్టు సీరియల్ నంబరు రాయించుకుని, బ్యాటరీకి వారంటీ ఎన్ని నెలలో విడిగా అడుగు. చాలాసార్లు అది పనిముట్టు వారంటీ కంటే తక్కువే ఉంటుంది.

ఇట్లు,
మీ మామయ్య, విజయనగరం