వైజాగ్‌లో పాత ఇల్లు కొన్నాక మొదట ఏ పని పెట్టుకోవాలి?

లాసన్స్ బే కాలనీలో ముప్పై అయిదేళ్ల నాటి డాబా ఇల్లు కొన్నామనీ, చేతిలో అయిదు లక్షలున్నాయనీ, ముందు వంటగది మార్చి రంగులు వేయించేయాలా అనీ అడిగారు. వద్దండీ. ఆ రెండూ ఆఖరున పెట్టుకోండి. ముందు శ్లాబు, తర్వాత కరెంటు.

మేం పెదవాల్తేరులో పాత ఇల్లు కొన్నప్పుడు మీరు అనుకుంటున్నట్టే చేశాం. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందని ముందు పుట్టీ పెట్టించి రంగులు వేయించాం. వెనక గది శ్లాబుకి బీట ఉందని చూపిస్తే మేస్త్రి, "సిమెంటు పూసి పుట్టీ పెట్టేస్తే కనబడదు సార్" అన్నాడు. సరే అన్నాం. ఆ అక్టోబరు వానల్లో ఒక రాత్రి సరిగ్గా అక్కడే చేటంత పెచ్చు ఊడి అమ్మ మంచం మీద పడింది. అమ్మ అప్పుడు హాల్లో ఉంది కాబట్టి బతికిపోయాం. పొద్దున్నే ఆ పెచ్చు తిరగేసి చూస్తే వెనకంతా ఇటుక రంగు తుప్పు, పొరలు పొరలుగా. పైన చువ్వ పెన్సిల్ ములుకంత సన్నబడిపోయింది, గోటితో గీకితే రాలుతోంది. ఆ రోజు నుంచి ఎవరు పాత ఇల్లు కొన్నా ఇదే చెబుతున్నాను.

సముద్రం పక్కన ఉప్పుగాలి మెల్లగా కాంక్రీటులోకి దిగి చువ్వను పట్టుకుంటుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకే కాంక్రీటు పగులుతుంది. చువ్వ వెంబడే గీత గీసినట్టు బీట కనిపించేది అందుకే. దాని మీద సిమెంటు పూస్తే లోపల తుప్పు ఆగదు.

ప్రతి గదిలో నిచ్చెన వేసుకుని చిన్న సుత్తితో శ్లాబును మెల్లగా తట్టండి. డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఆ భాగం అంతా, చువ్వ వెనక దాకా, కొట్టించి తుప్పు వైరు బ్రష్‌తో గీకించి, జింకు ప్రైమర్ కొట్టించి, పాలిమర్ మోర్టార్‌తో (పాలిమర్ కలిపిన సిమెంటు, ఇసుక మిశ్రమం) పూడ్పించాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే సిమెంటులో కలపనివ్వకండి. బీములకో స్తంభాలకో బీటలుంటే మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీర్ చూసేదాకా ఒక్క దెబ్బ కూడా వేయించొద్దు. ఆ ఫీజు దండగ కాదు.

పైన నీళ్లు నిలుస్తుంటే కింద ఎంత బాగుచేయించినా వృథా. వాన వెలిశాక డాబా ఎక్కి ఎక్కడ నిలిచాయో చూసి, ముందు వాటం సరిచేయించండి, ఆ తర్వాతే వాటర్‌ప్రూఫింగ్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు చూశాం కదా, ఇక్కడ వాన పక్కనుంచి కూడా కొడుతుంది. కిటికీ ఫ్రేముల చుట్టూ, సన్‌షేడ్ గోడకి అతికిన చోటా సందులు వెతకండి. ఇవన్నీ జూన్ లోపే అయిపోవాలి.

కరెంటు విషయానికొస్తే, ఒక ప్లగ్గు విప్పించి చూడండి. మా ఇంట్లో మూడో కన్నానికి వైరే లేదు. అంటే ఎర్తింగ్ లేనట్టే. అలాంటి ఇంట్లో గీజరు పెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. వైరింగ్ మొత్తం మార్పించి, ఎర్తింగ్ వేయించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) పెట్టించండి. ఏసీలకి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగమనండి. గోడకి గాడి కొట్టే పని ఇదే కాబట్టి రంగుల కన్నా ముందే అయిపోవాలి. వంటగది ఒక వానాకాలం చూశాకే మొదలుపెట్టండి, చెమ్మ ఏ గోడకి వస్తుందో అప్పటికి తెలుస్తుంది. అల్మరాలు చేయించే ముందు తలుపుల గడపలకి చెదలున్నాయేమో కూడా చూడండి.

ఇంకొకటి, ఇది ఈ రోజే చేయండి. ఫ్యాన్లు విప్పించి శ్లాబులో ఉన్న కొక్కాలు చూడండి. మాకు నాలుగింటిలో రెండు తుప్పుతో సగం తినేసి ఉన్నాయి.