కానుకలే సరిపోని చిన్న సంఘం పేదలకు ఏం చేయగలదు?

కానుకలు పాస్టరు గారికి, మందిరం ఖర్చులకే చాలట్లేదు, ఇక పేదలకు ఎక్కడి నుంచి తెస్తామని ఒకరు అడిగారు. మాది పలాస దగ్గర ముప్పై ఇళ్ల సంఘం. మాకూ ఇదే ప్రశ్న వచ్చింది.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు తెల్లారేసరికి జీడి, కొబ్బరి తోటలు నేలకూలాయి. కూలి పనుల్లేవు. మందిరం స్లాబు కోసం దాచిన డబ్బు తీసి బియ్యం కొందామని కొందరన్నారు. దేవుని పనికి ఇచ్చిన డబ్బు ముట్టుకోకూడదని గట్టిగా వాదించింది నేనే. ప్రార్థన చేసి ఇళ్లకు వెళ్లిపోయాం. ఒంటికి కావలసింది ఇవ్వకుండా చలి కాచుకోండి, తృప్తి పొందండి అంటే ఏం ప్రయోజనమని బైబిల్లోని యాకోబు పత్రికలో ఉంది. నాకు కంఠతా వచ్చిన వచనమే. ఆ రోజు గుర్తు రాలేదు. ఆ బాధ ఇంకా పోలేదు.

తర్వాత మా సంఘంలోనే ఒక పిన్నికి కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానం ప్రాంతంలో ఈ జబ్బు లేని ఊరు తక్కువ. డయాలసిస్ ఉచితమే, కానీ వారానికి రెండు మూడుసార్లు వెళ్లాలి. ఆటో కిరాయి ఒకటి, తోడు వెళ్లే కొడుకు కూలి పోవడం ఒకటి. ఆదివారం బాగున్నావా పిన్నీ అంటే "దేవుని దయ" అనేది. ఇంట్లో పరిస్థితి మాకు ఏడాది దాకా తెలియదు.

అందుకే డబ్బు కంటే ముందు మనుషుల్ని పెట్టమంటాను. బైబిల్లో చూస్తే, యెరూషలేములోని తొలి సంఘంలో విధవరాళ్లకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగుడు వస్తే, అపొస్తలులు ఏడుగురిని ఏర్పాటు చేయించారు. మేము ఇద్దరు ఆడవాళ్లకు, ఒక కుర్రాడికి ఇళ్లకు వెళ్లి చూసే పని అప్పగించాం. ప్రతి ఇంట్లో వండేటప్పుడు పిడికెడు బియ్యం పక్కన పెడతారు, ఆదివారం తెస్తారు. నెలకు పాతిక కేజీల సంచి నిండుతోంది. ఆటో డబ్బులకు వేరే కానుక పెట్టె ఉంది, లెక్క ఇద్దరు రాస్తారు.

మందిరానికి రానివాళ్లకు ఇవ్వాలా అని మాలో గొడవైంది. ఇస్తున్నాం. రమ్మని షరతు పెట్టం, ఫొటోలు తీయం. ఆకలితో ఉన్న మనిషిని వాట్సాప్‌లో పెట్టడం నాకు పాపంలాగే తోస్తుంది.

స్లాబు అయితే ఆగలేదు, ఆలస్యమైంది. మూడు క్రిస్మస్‌లు రేకుల కిందే చేసుకున్నాం.