ఫొటో చూసి సముద్రపు స్పంజిక జాతిని చెప్పవచ్చా?

ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్‌లో వలకు తగిలిన స్పంజిక (స్పాంజ్ అనే సముద్ర జీవి) ఫొటో పెట్టి, ఇది ఏ జాతి అని అడిగారు. నేను చెప్పలేను, ఫొటో చూసి చెప్పేవారిని నమ్మవద్దని కూడా మనవి. అలల తాకిడి ఉన్న చోట రాతికి పొరలా అంటుకుని ఉండే జాతే, నీరు నిలకడగా ఉన్న చోట కొమ్మలు వేసి పెరగవచ్చు. ఆకారాన్ని బట్టి పేరు పెడితే ఒకే జాతికి రెండు పేర్లు వస్తాయి.

మాది బరంపురం. చదువుకునే రోజుల్లో గంజాం తీరపు స్పంజికలు సేకరిస్తుండగా, తెలుగు జాలరి తాత ఒకాయన చిప్పకు అంటుకున్న లేత పసుపు రంగు జీవిని నా చేతిలో పెట్టాడు. బొటనవేలంత కూడా లేని చిన్న కూజాలా ఉంది. “బాబూ, సీసాలో ఎయ్యకముందే దీని రంగు రాసేసుకో, తరవాత పోతాది” అన్నాడు. నేను రాసుకోలేదు. పైగా, కంటకాలు, అంటే జాతిని గుర్తించడానికి చూసే, స్పంజిక ఒంట్లోని సూదుల్లాంటి సూక్ష్మ ముక్కలు, త్వరగా చూడాలనే ఆత్రంతో మొత్తం జీవిని నైట్రిక్ ఆమ్లంలో వేశాను. బుసబుసమని నురగ పొంగి, కాసేపటికి నీరు తేటపడింది. సూక్ష్మదర్శిని కింద ఒక్క కంటకమూ లేదు. సిలికా కంటకాలు ఆ ఆమ్లానికి తట్టుకుంటాయి కానీ సున్నపు కంటకాలు కరిగిపోతాయని, అనుమానం ఉన్నప్పుడు బట్టల బ్లీచ్ వాడాలని అప్పటికే చదివి ఉన్నాను. ఆ నురగ వలన అది సున్నపు స్పంజికల తరగతికి చెందినదని తేలింది; జాతి మాత్రం ఆమ్లంలోనే కలిసిపోయింది. నా నోటుపుస్తకంలో ఆ రోజు కింద “గోపాల్‌పూర్” అన్న ఒక్క మాట మిగిలింది.

నేను చూసిన కళాశాల అలమారాలోని సీసాల స్థితి అంతకన్నా అన్యాయం: “బంగాళాఖాతం” అని చీటీ అంటించి, లోతు గానీ తేదీ గానీ లేకుండా వదిలేశారు. సముద్రమంతా ఒక చిరునామా ఎలా అవుతుంది? 1916లో భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు తొలి సంచాలకుడైన నెల్సన్ అన్నండేల్, అంతకు ముందు ఏడాదే మన చిలికా సరస్సు స్పంజికలను వర్ణిస్తూ వ్యాసం ప్రచురించాడు. అయినా మన వారు దొరికిన ప్రతిదానినీ మన్నార్ సింధుశాఖ, సింహళం (శ్రీలంక) స్పంజికల జాబితాలలోని పేర్లలోనే ఇరికిస్తారు. ఇక్కడి జాలరులను అడిగి రాసుకోకపోవడమే దీనికి మూలమని నా గట్టి నమ్మకం.

మీ స్పంజికను ఇంకా పారవేయకపోతే, ముందు దాని రంగు, వాసన, ఎంత లోతున దొరికింది, దేనికి అంటుకుని ఉంది అన్నవి రాయండి. తరువాత ఆల్కహాల్‌లో వేయండి, ఫార్మలిన్‌లో వద్దు. గోరంత ముక్కను మాత్రమే బ్లీచ్‌లో కరిగించి, కడిగి, ఒక్కొక్క రకం కంటకాలను కనీసం పాతికేసి కొలవండి. మరొక ముక్కను పలుచగా కోసి, ఆ కంటకాలు లోపల ఎలా అమరి ఉన్నాయో చూడండి. ఆ కొలతలు పంపితే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) వరకైనా ప్రయత్నిస్తాను.