కార్యాలయంలో అందరికీ చోటు: సదస్సుతో మొదలుపెట్టవచ్చునా?

ప్రశ్న: మా మందుల తయారీ సంస్థలో 80 మంది పనిచేస్తున్నారు. వైవిధ్యం, సమానత్వం, సమ్మిళితం అనే అంశాలపై ఒక కార్యక్రమం రూపొందించమని యాజమాన్యం నాకు అప్పగించింది. అవగాహన సదస్సుతో మొదలుపెట్టవచ్చునా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: సదస్సు తరువాత పెట్టుకోవచ్చు, ముందుగా, చట్టం ఇప్పటికే కోరుతున్నవి మీ సంస్థలో ఉన్నాయో లేదో చూడండి. పదిమంది పనిచేసే చోటనే, 2013 నాటి చట్టం ప్రకారం, లైంగిక వేధింపుల ఫిర్యాదులను విచారించే అంతర్గత కమిటీ ఉండాలి; దానికి ఉన్నత హోదాలో ఉన్న ఉద్యోగిని అధ్యక్షత వహించాలి, సంస్థకు చెందని సభ్యులొకరు తప్పనిసరి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రతి సంస్థనూ సమాన అవకాశాల విధానం ప్రకటించమంటుంది. 50 మంది దాటిన మీకు శిశు సంరక్షణ కేంద్రం బాధ్యత కూడా ఉంది.

అసలు చిక్కు నియామకాల్లో ఉంటుంది. ఖాళీ ఏర్పడగానే ఉన్న ఉద్యోగులనే ‘తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా’ అని అడిగే అలవాటు వల్ల, ఎవరూ వివక్ష చూపాలనుకోకపోయినా, అదే ఊరు, అదే కులం, అదే కళాశాల వారే మళ్లీమళ్లీ వచ్చి చేరుతుంటారు. కాబట్టి ప్రతి ఖాళీనీ బహిరంగంగా ప్రకటించండి, అభ్యర్థులందరినీ ఒకే ప్రశ్నలు అడిగి మార్కులు వేయండి. (ప్రకటనలో ‘చురుకైన యువకులు కావలెను’ అన్న వాక్యం ఉంటే ముందు దాన్ని కొట్టివేయండి.) ఒకే పని చేస్తున్న స్త్రీపురుషుల జీతాలను పక్కపక్కన పెట్టి చూసి, తేడా కనిపిస్తే, ఈ సంవత్సరపు పెంపుదలలోనే సరిచేయమని యాజమాన్యాన్ని లిఖితపూర్వకంగా కోరండి.